గుడి కింది ఇసుక

మొన్న ఆదివారం అన్నం తిని నడుం వాలుద్దామనుకుంటుండగా, మా ఊళ్ళోనే ఇచ్చిన మా చెల్లెలి కొడుకు ఫోన్ చేసి, శివాలయం గోడ బీట తీసింది మామయ్యా, వేలు కాదు, ఏకంగా చెయ్యి దూరుతోంది, నువ్వొచ్చి ఒకసారి చూడాలి, అన్నాడు. నేను ఇంజనీరుగా రిటైరై ఏళ్ళు గడిచినా మా ఊరివాళ్ళకి గోడ పగిలినా, బోరు ఎండినా నేనే గుర్తుకొస్తాను. మోకాళ్ళ నొప్పులనీ, ఎండలనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఇంతకాలం ఆ గుడి విషయంలో అలాగే తప్పించుకున్నాను కూడా. కానీ ఈసారి ఎందుకో నోరు రాలేదు. వస్తాలేరా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇక నిద్ర పట్టలేదు.

ఇప్పుడు బీట తీసిన ఆ గుడికి నలభై ఏళ్ళు. దాని ముందున్న గుడికి ఎన్నేళ్ళో మా ఊళ్ళో ఏ ముసలాయనా చెప్పలేకపోయేవాడు. మా తాత పుట్టేటప్పటికే పాతది, మా తాత తాత పుట్టేటప్పటికీ పాతదే. దాన్ని పడగొట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒకణ్ణి అంటే ఏదో గుంపులో కలిసిపోయినట్టుంటుంది గాని, నిజం చెప్పాలంటే మొదటివాణ్ణి నేనే. ఈ మాట ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మాది వినుకొండ రోడ్డు మీద, పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరు. మీలో ఆ నేల ఎరిగినవాళ్ళుంటే నేను వేరే చెప్పక్కర్లేదు, వానాకాలం చెప్పు వదలకుండా పట్టుకునే ఆ మట్టే, ఎండాకాలం వచ్చేసరికి దూడ కాలు ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. మా ఊళ్ళో పగలని గోడ ఉండేది కాదు, ప్రతి వేసవికీ ప్రతి ఇల్లూ ఎక్కడో ఒకచోట నవ్వేది, ప్రతి దసరాకీ ఆడవాళ్ళు మట్టి మెత్తి, సున్నం కొట్టి ఆ నవ్వు మూసేవాళ్ళు. అలాంటి ఊరి నడుమ ఆ రాతిగుడి మాత్రం కదలకుండా ఉండేది. పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో సున్నం లేదు, ఏమీ లేదు, ఒకదాని మీద ఒకటి. లోపలికెళితే మండు వేసవిలో కూడా కుండలో నీళ్ళలా చల్లగా ఉండేది. కార్తీకమాసంలో నరసరావుపేట నుంచీ, అటు మార్కాపురం నుంచీ కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు, ఆ నెల్లాళ్ళూ మా ఊరిపేరు నలుగురి నోళ్ళలో నానేది, మేం పిల్లలం ఆ గర్వంతో రెండంగుళాలు ఎత్తు పెరిగేవాళ్ళం.

ఆ గుడి అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం శివుడు కాదు, మా మేనత్త. మా నాన్నకి అక్క. పదహారేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, వచ్చిన మర్నాటి నుంచీ తెల్లారగట్ల ఆ గుడి ఊడవడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. మా అమ్మ పొద్దున్నే పొలం కూలీలతో పరుగెత్తాలి కాబట్టి, నన్ను చంకనేసుకుని వెళ్ళి మంటపంలో కూచోబెట్టి తన పని తాను చేసుకునేది. ఊడవడం అయ్యాక ఎడమవైపు మూడో స్తంభానికి వీపు ఆనించి కూచుని వత్తులు చేసేది. ఆ స్తంభం మీద దీపం పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటి చెక్కి ఉండేది, అత్త లేచేటప్పుడల్లా చెయ్యి ఆనించుకోవడానికి ఆ బొమ్మే ఆసరా, ఆ చేతి నూనెకి అది నిగనిగలాడిపోయి ఇత్తడి బొమ్మలా ఉండేది. గుమ్మం పక్కన అక్షరాలు చెక్కిన రాయి ఒకటుండేది. నాకు చదవడం రాదు, అత్తకి అసలే రాదు. ఏం రాసుందత్తా అంటే, రాజుగారు స్వామికి రాసిన ఉత్తరం రా అయ్యా, జవాబు ఇంకా రాలేదు, అనేది. ఆ గాట్లలో వేలు పెట్టి దిద్దుకుంటూనే నేను అక్షరాలంటే ఏమిటో తెలుసుకున్నాను. పలకా బలపం ఆ తర్వాతి సంగతి.

ఆ తర్వాత పత్తి మంచి రోజులు వచ్చాయి. ఎనభైల్లో మొదటి నాలుగైదేళ్ళు అనుకుంటాను. ఊళ్ళోకి ట్రాక్టర్లొచ్చాయి, పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాయి, చుట్టలు కాల్చే చేతుల్లోకి సిగరెట్ ప్యాకెట్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే పక్క ఊరివాళ్ళు స్లాబుతో గుడి కట్టి, గోపురానికి బొమ్మలు పెట్టి నానారంగులూ వేశారు. ఇక మావాళ్ళకి నిద్ర పడుతుందా! మన శివుడేం పాపం చేశాడు, చీకట్లో, గబ్బిలాల్లో పడున్నాడు, అని రచ్చబండ దగ్గర మొదలైంది. మా పెదనాన్న ఊరికి పెద్ద, మంచివాడే, కాని పంతం వస్తే మనిషి కాదు. దానికితోడు ఆ కార్తీకంలో మంటపం పైకప్పు నుంచి గుప్పెడంత పెచ్చు ఊడి ఒక ఆడమనిషి కుంకుమభరిణె పక్కన పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పెచ్చు మా పెదనాన్న నోట్లో పది రోజుల్లో బండరాయి అయింది.

నేనా, అప్పుడే డిప్లొమా ముగించుకుని, గుంటూరు పక్కన నల్లపాడులో అద్దెగది ఖాళీ చేసి, టేపూ, మట్టపుబద్దా పెట్టెలో పెట్టుకుని ఊళ్ళో దిగాను. ఇంకా ఉద్యోగం రాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, అచ్చంగా నేనే. ఊరంతా నన్ను ఇంజనీరూ అని పిలుస్తుంటే డిప్లొమానే కదా అని ఒక్కరితోనూ అనలేదు. మా పెదనాన్న నలుగురిలో నా భుజం మీద చెయ్యేసి, ఏరా ఇంజనీరూ, చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు, ఈ గుడి నిలుస్తుందా పడుతుందా, అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. చూశానంటే, రాళ్ళ సందుల్లో పోస్టుకార్డు దూర్చి చూశాను. దూరింది. ఒకచోట కాదు, ఎక్కడ దూర్చినా దూరింది. రాతికీ రాతికీ మధ్య సిమెంటు లేదు, సున్నం లేదు, ఏ పట్టూ లేదు. మా పుస్తకాల్లో పట్టు లేని గోడ గోడే కాదు. ఇన్నాళ్ళు నిలవడమే ఆశ్చర్యం అనుకున్నాను. ఇన్నాళ్ళు ఎందుకు నిలిచిందని మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు.

అప్పుడు మా ఊరి రాతిపనంతా ఒక సాయిబు తాత చేసేవాడు. రోలు కొట్టాలన్నా, గడపరాయి నిలబెట్టాలన్నా ఆయనే. పనికి ఆయన్నే పిలిచారు. గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి, చెప్పులు బయటే విడిచి మంటపంలోకొచ్చి, స్తంభాన్ని అరచేత్తో చరిచి చూసి, నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. బాబూ, ఇది అతికించింది కాదు, పేర్చింది. దీని బరువే దీనికి పట్టు. మీరు ముట్టుకోకపోతే మీ మనవళ్ళ మనవళ్ళు కూడా చూస్తారు. ఆ పెచ్చు ఊడినచోట రెండు రోజులు పని, నేనే చేస్తాను, అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

మా అత్త గుడి పడగొట్టే మాట విని, పెద్దమనుషులు కూచునే రోజు పొద్దున నన్ను స్తంభం దగ్గరికి పిలిపించింది. వత్తులు చేస్తూనే ఉంది. ఒరే అయ్యా, అందరూ నీ మాట వింటారు, ఈ గుడికి ఢోకా లేదు అని ఒక్క మాట చెప్పరా, ఇంకేం చెప్పొద్దు, అంది. పడిపోతే ప్రాణాలు పోతాయత్తా, శాస్త్రం ఒప్పుకోదు, అన్నాను. ఏం శాస్త్రమోయ్, నలభై ఏళ్ళ నుంచి ఈ నేల ఊడుస్తున్నాను, ఊరంతా నెర్రెలిచ్చినా ఇక్కడ నెర్రె పడగా చూళ్ళేదు, ఏ వానకీ ఒక్క బండ పైకి లేవలేదు, కింద ఏదో ఉందిరా, కట్టినవాళ్ళు ఊరికే కట్టలేదు, అంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. ఆ సాయంత్రం పెద్దమనుషుల ముందు నిలబడి, నిలుస్తుందని నేను పూచీ పడలేనండీ, అన్నాను. అంతే, అయిపోయింది. పూచీ పడలేను అంటే పడగొట్టండి అని కాదు కదా అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదొక లాయరు మాట. వాళ్ళు ఏం వింటారో తెలిసే అన్నాను.

మంచిరోజు చూసి పూజారిగారు స్వామి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, పక్కనే తాటాకు పందిట్లో పెట్టిన చిన్న లింగంలోకి మార్చారు. కొత్త గుడి అయ్యేదాకా స్వామి ఉండే ఆ పందిరినే బాలాలయం అంటారు. ఇక పాత గుడిలో దేవుడు లేడన్నమాట, రాళ్ళే ఉన్నాయి. పలుగు వెయ్యడానికి అడ్డు లేదు. అయినా సాయిబు తాత మొదటి దెబ్బ నేను వెయ్యనన్నాడు. పెదనాన్న కోప్పడ్డా, కూలి పెంచుతానన్నా వెయ్యలేదు. తర్వాత పైకెక్కి రాళ్ళు పగలకుండా దించే ఉపాయం మాత్రం చెప్పాడు.

నిలుస్తుందని నేను పూచీ పడలేనన్న గుడి పడడానికి ఐదు రోజులు పట్టింది. గడ్డపలుగులు వంగాయి. మోకులు తెగాయి. రెండు ట్రాక్టర్లు కలిసి లాగితే ట్రాక్టర్ల ముందు చక్రాలు గాల్లోకి లేచాయి గాని గర్భగుడి గోడ చెక్కుచెదరలేదు. మొదటి రోజు ఈలలు వేసిన కుర్రకారు మూడో రోజుకి ఈలలు మాని తెగిన మోకులు ముడేసుకోవడంలో పడ్డారు. నాకు మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసిపోయింది, నేను చెప్పింది తప్పని. అప్పటికి శిఖరం, పైకప్పులో ఒక మూల మాత్రమే దిగాయి. ఆపండి, నేను పొరబడ్డాను, అని అరిచి ఉంటే ఆపేవాళ్ళు. సాయిబు తాత నా వంక చూశాడు కూడా. నేను తల తిప్పుకుని టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళ వయసులో నలుగురి ముందు తప్పైందని చెప్పడం కంటే గుడి కూలడమే తేలిక అనిపించింది. చెబితే మీరు అసహ్యించుకుంటారని తెలుసు, కానీ జరిగింది అదే.

మూడో స్తంభం దించే రోజు అత్త వచ్చి దూరంగా నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుమ్ముకనుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. రాళ్ళన్నీ తీసి, కొత్త పునాదికి తవ్వడం మొదలుపెడితే కింద నల్లమట్టి తగల్లేదు. ఇసుక తగిలింది. నిలువెత్తు లోతున, గుడి కొలతకి సరిగ్గా, చుట్టూ రాళ్ళు కట్టి మధ్యలో నింపిన ఇసుక. ఏటి ఇసుక, తెల్లగా, జల్లెడ పట్టినట్టు. ముందు లంకెబిందెలున్నాయేమోనని ఊరంతా గొయ్యి చుట్టూ మూగింది, బిందెలు దొరక్కపోయేసరికి ఉసూరుమంది. తర్వాత పెదనాన్న మొహం వెలిగిపోయింది. ఎందుకంటే మాకు ఇసుక కావాలంటే గుండ్లకమ్మ నుంచి ట్రాక్టర్ల మీద తోలుకోవాలి, ఇక్కడేమో శివుడే ఇచ్చాడు! గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూసి, ఫస్టు క్లాసు ఇసుక, మట్టి పాలు ఒక్కపిసరు లేదు, కాంక్రీటులోకి దివ్యంగా పనికొస్తుంది, అని చెప్పింది ఎవరనుకున్నారు? నేనే.

అప్పుడు అత్త గొయ్యి గట్టు దాకా వచ్చింది. ఆవిడ మగవాళ్ళ మధ్యకి వచ్చి మాట్లాడ్డం నేను చూసింది ఆ ఒక్కసారే. అంత దూరం నుంచి తెచ్చి ఊరికే పోసి ఉండరురా, గుడి ఎటూ తీసేశారు, ఆ ఇసుకైనా ఉంచండిరా, అంది. ఎవరో నవ్వారు. పెదనాన్న, నువ్వు ఇంటికి పోమ్మా, అన్నాడు. ఆవిడ పెదనాన్న వంక చూళ్ళేదు, నా వంకే చూసింది. నేను, అత్తా, పునాదికి గట్టి మట్టి కావాలి గాని జారిపోయే ఇసుక కాదు, అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇసుకంతా స్లాబులోకీ స్తంభాల్లోకీ పోయింది. గొయ్యి నిండా పక్కచేల నల్లమట్టి తెచ్చి పోసి, నీళ్ళు కొట్టి, అణిగేదాకా దిమ్మిస కొట్టించాను. ఎంత శ్రద్ధగా చేయించాననుకున్నారు!

కొత్త గుడి కళకళలాడుతూ లేచింది. గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు, గచ్చు మీద నున్నటి పలకలు, ట్యూబులైట్లు. ప్రతిష్ఠకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి, నన్ను మెచ్చుకుని శాలువా కప్పారు. అత్త రాలేదు. ఒంట్లో బాగోలేదంది. ఆ తర్వాత కూడా ఏనాడూ ఆ గుళ్ళో అడుగు పెట్టలేదు, వత్తులు మాత్రం చేసి ఎవరిచేతో పంపేది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తిట్టుగా మిగిలేది, అదీ లేదు.

పాత రాళ్ళని ఎవరికి కావాల్సినవి వాళ్ళు తీసుకెళ్ళారు. కొన్ని గడపలయ్యాయి, కొన్ని చాకిరేవుకి పోయాయి, రాజుగారి ఉత్తరం ఎటు పోయిందో తెలియనే లేదు. మూడో స్తంభాన్ని పెదనాన్న మిరపకాయలు ఆరబోసే కల్లానికి తోలించి, కాయలు బయటికి దొర్లకుండా ఒక వారగా పడుకోబెట్టాడు. నాకు ఉద్యోగం వచ్చి, ఆ మాఘమాసంలో సెలవు మీద ఊరొస్తే ఇంట్లో అత్త కనిపించలేదు. కల్లంలో చూడు, అన్నారు. వెళ్ళాను. ఎకరం మేర ఎర్రగా మిరపకాయలు, ఆ ఘాటుకి దారిన పోయేవాళ్ళు తుమ్ముతున్నారు. ఆవిడ ఆ పడుకున్న స్తంభం పక్కన నేల మీద కూచుని, దానికి వీపు ఆనించి, దగ్గుకుంటూ వత్తులు చేస్తోంది. ఇదేం పనత్తా, ఈ ఘాటులో, ఇంటికి పద, అన్నాను. ఇక్కడ నేనెవరికి అడ్డం రా, అంది. లేవబోతూ అలవాటుగా దీపం బొమ్మ మీద చెయ్యి వేయబోయింది. బొమ్మ కిందివైపుకి పడింది, చేతికి అందలేదు. నేను చెయ్యి అందించాను. పట్టుకుని లేచింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

అత్త ఆ వేసవి దాటలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి పత్తిమీద తెల్లదోమ పడి ఊరు ఊరంతా చితికిపోతే, గుడి పడగొట్టిన పాపం అన్నారు కొందరు. నేనలా అనుకోను. దేవుడు పంట మీద కక్ష తీర్చుకుంటాడంటే నమ్మను. మా పాపానికి శిక్ష మా పునాది కిందే ఉంది, దానికి తొందరేం లేదు, ఒక్కో వేసవికీ ఒక్కో వెంట్రుకవాసి చొప్పున పైకి వచ్చింది.

ఆ ఫోను మీద మొన్న వెళ్ళాను. మా మేనల్లుడు గుంటూరు నుంచి ఒక ఇంజనీరమ్మాయిని కూడా పిలిపించాడు, పాతికేళ్ళుంటాయేమో, చురుకైన పిల్ల. చుట్టూ తిరిగింది, పగుళ్ళు కొలిచింది, పూజారినీ, ఊడ్చే ఆవిణ్ణీ కూడా ఏ కాలంలో ఎక్కువ తెరుచుకుంటాయని అడిగింది. ఊడ్చే మనిషిని అడగాలని నాకు ఆ రోజుల్లో తట్టనే లేదు. తర్వాత గోడ వారగా తవ్వించి, నల్లమట్టి చేతిలోకి తీసుకుని, నా పెద్దరికానికి మర్యాదగా, సార్, మీకు తెలియనిదేముంది, రేగడి నేల ఉబ్బుతుంది, కుంగుతుంది, అప్పట్లోనే ఈ మట్టి తీసేసి నిలువెత్తు ఇసుక పోసి ఉంటే ఈ గుడికి ఢోకా ఉండేది కాదు, అంది.

అందరూ నేనేమంటానా అని నా వైపు చూశారు. మళ్ళీ అదే చోటు, మళ్ళీ నలుగురు. ఈసారి చెప్పాను. ఉండేదమ్మా ఇసుక. తీయించింది నేనే. ఇప్పుడది మన నెత్తిమీద స్లాబులో ఉంది. మీ నాయనమ్మ వయసు మనిషి వద్దని చెప్పింది, చదువు లేదని వినలేదు, అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. మా మేనల్లుడు నన్ను కాపాడబోయి, పోనీలే మామయ్యా, అప్పట్లో ఎవరికి తెలుసు, అన్నాడు. తెలుసురా, తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళని అడగడమే మాకు నామోషీ అయింది, అన్నాను.

అక్కణ్ణించి కల్లానికి వెళ్ళాను. కల్లం లేదు, కోల్డు స్టోరేజీ కట్టారు. స్తంభం ఏమైందంటే ఎవరికీ తెలియదు. అసలు ఏ స్తంభం అని అడిగారు. ఇప్పుడు ఊళ్ళకి ఊళ్ళు పాత గుడి తీసేసి కొత్తది కడుతున్నాయి, ఫోన్లో ఫోటోలు పంపిస్తుంటారు, ఎంత బాగుందో చూడు అంటారు. నేను బొమ్మలు చూడను, నేల చూస్తాను, నెర్రె ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. ఆ రోజు కల్లం చోటు నుంచి వచ్చి, రోడ్డు వార నిలబడి చాలాసేపు ఏడ్చాను. ముసలాడు ఎండకి తట్టుకోలేకపోతున్నాడనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అవి తాగి, బస్సు ఎక్కేముందు, ఎవరూ లేకుండా చూసుకుని, ఆవిడ అడిగిన మాట పైకే అన్నాను. ఆ గుడికి ఢోకా లేదత్తా. ఒక్క మాటే అడిగింది మా అత్త. అది చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, చెప్పేటప్పటికి గుడీ లేదు, వినడానికి ఆవిడా లేదు.